ఆగిపోయిన ట్రాక్టరు, ఆపిన ట్రాక్టరు ఒకటి కావు
దారిలోనో దమ్ములోనో డీజిల్ ఇంజను బలం తగ్గి ఆగిపోతే చేయవలసినవి – చేయకూడనివి

దమ్ము జరుగుతోంది. నాట్లు వేయడానికి వచ్చిన కూలీలు గట్టు మీద ఎదురుచూస్తున్నారు. అరగంట బాగా నడిచిన ట్రాక్టరు ఉన్నట్టుండి గొంతు మారుస్తుంది. రేసు పెంచినా అందుకోదు. రెండు మూడు సార్లు ఎగిసి, తగ్గి, చివరికి ఆగిపోతుంది. కాసేపాగి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది గానీ నాలుగు చుట్లు తిరిగేసరికి మళ్లీ అంతే. ‘ఆయిల్ అందడం లేదు’ అని ఒకరు, ‘గాలి పట్టింది’ అని ఒకరు, ‘నాజిళ్లు పోయుంటాయి’ అని ఇంకొకరు. డ్రైవరు కిందికి దూకి, చేతికందిన పానా పట్టుకుని బానెట్ ఎత్తుతాడు.

ప్రమాదం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఆ ట్రాక్టరును అతను ఆపలేదు, అదే ఆగిపోయింది. గేరు గేరులోనే ఉంది. పీటీఓ కలిసే ఉంది. వెనక రోటావేటరు గాలిలో వేలాడుతూ ఉండవచ్చు. తాళం తిప్పే ఉంది, హ్యాండ్ బ్రేకు వేయలేదు. చప్పుడొక్కటే ఆగింది, మిగతాదంతా పని మధ్యలో ఉన్నట్టే ఉంది. ఆ స్థితిలో ఎవరైనా నేల మీద నిలబడి సెల్ఫ్ తిప్పితే ట్రాక్టరు ముందుకు దూకుతుంది, రోటావేటరు కత్తులు తిరుగుతాయి.

అందుకే ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నిటికీ మూలం ఒక్కటే. ఇంజను ఆగిపోతే, ముందు ట్రాక్టరును మనం ఆపాలి. లోపం వెతకడం ఆ తరువాతి పని.

1. ఆగిన మొదటి నిమిషంలో

చేయవలసినవి:

• సీటు దిగకముందే క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కు తెచ్చి, పీటీఓ లీవరు విడదీయండి.
• హైడ్రాలిక్ లీవరు దించి పనిముట్టును నేలకు ఆనించండి. ఇంజను ఆగినా చాలా ట్రాక్టర్లలో పనిముట్టు తన బరువుకే దిగుతుంది.
• హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి. బండి మీద పని చేసేవారి జేబులోనే తాళంచెవి ఉండాలి. ఈ ఒక్క అలవాటు ఎన్నో చేతులను కాపాడుతుంది.
• వాలు ఉంటే, దిగువ వైపున చక్రాలకు రాళ్లో మొద్దులో అడ్డం పెట్టండి.
• తువ్వాలు, లుంగీ, చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు బిగించి కట్టుకున్నాకే ఇంజను దగ్గరికి వెళ్లండి.

చేయకూడనివి:

• పైకెత్తిన రోటావేటరు కిందికో, గొర్రు కిందికో తల పెట్టవద్దు. హైడ్రాలిక్ ఎప్పుడు జారుతుందో చెప్పలేం.
• పీటీఓ షాఫ్టు మీదుగా దాటవద్దు. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. కొంగు చిక్కుకుందని మనకు తెలిసేలోపే మనిషిని చుట్టేస్తుంది.
• ‘ఒరేయ్, ఒకసారి సెల్ఫ్ కొట్టు’ అని పిల్లవాణ్ని సీటు ఎక్కించి, మీరు ఇంజను పక్కన నిలబడవద్దు.

2. ఆగిన చోటును బట్టి

రోడ్డు మీద, ముఖ్యంగా రాత్రిపూట, చెరకు లోడుతోనో వడ్ల బస్తాలతోనో ఆగిన ట్రక్కు పెద్ద ప్రమాదం. వెనక నుంచి వచ్చే మోటారుసైకిలుకు అది చీకట్లో నిలబెట్టిన గోడతో సమానం.

• వీలైతే బండిని రోడ్డు దిగువకు చేర్చండి. వీలుకాకపోతే, వెనక కనీసం 50 మీటర్ల దూరంలో మెరిసే త్రికోణం పెట్టి, టార్చి లైటుతో ఒక మనిషిని రోడ్డు అంచున నిలబెట్టండి. చెట్టు కొమ్మలు పగలు పనికొస్తాయేమో గానీ రాత్రి కనిపించవు.
• చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసేయండి. మనం మరచిన రాయి వెనక వచ్చేవారి ప్రాణం మీదికి తెస్తుంది.
• ట్రక్కు మీద కూర్చున్న కూలీలను దించి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

రైల్వే గేటు దగ్గర పట్టాల మీద ఆగితే ముందు మనుషులను దించి దూరంగా పంపండి. గేట్‌మన్‌కు వెంటనే చెప్పండి. పట్టాల మీద బానెట్ ఎత్తి మరమ్మతుకు దిగడం ఆత్మహత్యతో సమానం.

కాలువ గట్టు మీద, దిగుడులో ఇంజను ఆగితే పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. క్లచ్ తొక్కితే ఇంజను ఇచ్చే ఆపుదల కూడా పోతుంది. బ్రేకు మాత్రం పనిచేస్తుంది. కంగారుపడి క్లచ్ తొక్కి బండిని జారనివ్వకండి. రెండు బ్రేకు పెడళ్లను కలిపి తొక్కి ఆపండి. రోడ్డు మీదికి వచ్చే ముందే రెండు పెడళ్లను గొళ్లెంతో కలపడం అలవాటు చేసుకోవాలి. ఒక్క పెడలే తొక్కితే లోడుతో ఉన్న బండి పక్కకు తిరిగి బోల్తా పడుతుంది.

దమ్ములో చక్రాలు కూరుకుపోయి ఇంజను ఆగితే, దమ్ము చక్రాల ముందు దుంగలు కట్టి ముందు గేరులో లాగించే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మానండి. వెనక చక్రం కదలక బిగుసుకుంటే, ఇంజను బలమంతా ముందు భాగాన్ని పైకి లేపుతుంది. రెండు సెకన్లలోపే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది, దూకే వ్యవధి ఉండదు. రివర్సు గేరులో మెల్లగా వెనక్కి తీయండి. రాకపోతే బురద తవ్వి, మరో ట్రాక్టరుతో కింది హుక్కు నుంచి లాగించండి. టాప్ లింకుకు గొలుసు కట్టి లాగకూడదు.

3. పానా పట్టేముందు కన్ను, చెవి, ముక్కు

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కేసరికి ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఇంజనుకు కావలసినవి మూడే: శుభ్రమైన డీజిల్ అందాలి, శుభ్రమైన గాలి అందాలి, ఆ గాలి గట్టిగా నొక్కబడాలి. బలం తగ్గి ఆగిపోయిందంటే ఈ మూడింటిలో ఒకటి తగ్గిందని గానీ, పెట్టిన బరువు ఎక్కువైందని గానీ లెక్క. ఏది తగ్గిందో చాలావరకు ఇంజనే చెబుతుంది.

• ఇంజను వేగం బాగానే ఉండి ట్రాక్టరు లాగకపోతే లోపం క్లచ్‌ది. డీజిల్ పైపులు ఊడదీసి లాభం లేదు.
• లోడు పడగానే నల్లపొగ కక్కుతూ వేగం తగ్గితే, డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. లేదా బరువు ఎక్కువైంది, లేదా నాజిల్ తుంపరగా కాక ధారగా పోస్తోంది.
• ఎగుడుదిగుడుగా ఊగుతూ, పొగ పలచబడి, మెల్లగా ఆగిపోతే డీజిల్ అందడం లేదు. గాలి పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం, ట్యాంకులో చెత్త అడ్డుపడడం ఇందులోకే వస్తాయి.
• తాళం తీసినట్టు ఒక్కసారిగా ఆగిపోతే స్టాపర్ తీగను, లేదా డీజిల్‌ను ఆపే సోలనాయిడ్ వైరును చూడండి. స్టాపర్ పూర్తిగా లోపలికి వెళ్లకపోయినా డీజిల్ సగమే అందుతుంది.
• తెల్లపొగ వస్తే డీజిల్ కాలకుండా బయటికి పోతోంది, లేదా నీళ్లు కలిశాయి. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది.
• సెల్ఫ్ తిప్పుతున్నా సైలెన్సర్ నుంచి ఏ పొగా రాకపోతే సిలిండరుకు డీజిల్ చేరడమే లేదు.

చేయవలసినవి: డీజిల్ మట్టం చూడండి. ఆయిల్ గేజీ పుల్ల తీసి చూడండి. రేడియేటరు వేడి ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. పైపుల జాయింట్ల దగ్గర తడి ఉందేమో చూడండి. ఇవన్నీ ఒక్క పానా కూడా ముట్టుకోకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అయ్యే పనులు.

చేయకూడనివి: ఆగిన వెంటనే వరసగా సెల్ఫ్ కొడుతూ ఉండవద్దు. ఇంజను పెద్ద చప్పుడుతో ఆగితే, సెల్ఫ్‌కు అసలు కదలకపోతే, ఇంజనాయిలు పాల చాయలోకి మారితే మళ్లీ తిప్పే ప్రయత్నమే చేయకండి. సిలిండరులో నీళ్లు నిలిచి ఉంటే బలవంతాన తిప్పినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వేలతో పోయేది లక్షల్లోకి వెళుతుంది.

4. డీజిల్ దారి – ట్యాంకు నుంచి పంపు దాకా

వెతకడం ఎప్పుడూ ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి పంపు వైపు వెళ్లాలి. ఖర్చు లేని చోటు నుంచి ఖర్చయ్యే చోటుకు వెళ్లే దారి అది. మనవాళ్లు చాలామంది తలకిందులుగా మొదట నాజిళ్లు విప్పుతారు.

మా బాబాయి ట్రాక్టరు ఒక వానాకాలం ఇలాగే సతాయించింది. అరగంట నడవడం, ఆగడం, పావుగంట తరువాత ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవడం. రెండు ఫిల్టర్లు మార్చారు. నాజిళ్లు విప్పి పట్నం తీసుకెళ్లి పరీక్ష చేయించారు. మూడు రోజుల పని పోయింది. చివరికి తేలిందేమిటంటే, ట్యాంకు మూత ఎక్కడో పడిపోయింది. దాని బదులు ఎవరో పాలిథిన్ కవరు మడిచి రబ్బరుతో బిగించి కట్టారు. అసలు మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తగ్గిన కొద్దీ ఆ రంధ్రం నుంచే గాలి లోపలికి వెళ్లాలి. కవరుతో ఆ దారి మూసుకుపోయి, ట్యాంకులో వెలితి ఏర్పడి, డీజిల్ కిందికి దిగలేదు. ఆగాక మెల్లగా గాలి చొరబడేది, ఇంజను మళ్లీ నడిచేది. ఆ కవరు విప్పగానే రోగం కుదిరింది. ఆ మూడు రోజుల్లో వేడి ఇంజను మీద పైపులు విప్పడంలో బాబాయి ముంజేయి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

చేయవలసినవి:

• నడిచి నడిచి ఆగే ట్రాక్టరుకు మొదటి పరీక్ష ట్యాంకు మూతే. ఆగగానే మూతను మెల్లగా వదులు చేయండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చిన చప్పుడైతే దొంగ దొరికినట్టే. రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయండి.
• ట్యాంకు కింది పైపు విప్పి, డీజిల్ ధారగా పడుతుందో చుక్కలుగా పడుతుందో శుభ్రమైన గిన్నెలో పట్టి చూడండి. మొదట ధారగా పడి క్రమంగా సన్నబడితే, ట్యాంకు లోపల ఆకో గోనె పీచో బయటి దారికి అడ్డుపడుతోంది. ఇంజను ఆగగానే అది తేలిపోతుంది, నడవగానే మళ్లీ వచ్చి అతుక్కుంటుంది.
• ఫీడ్ పంపు దగ్గరి చిన్న జాలీని, ఫిల్టరు కింది గిన్నెను చూడండి. డీజిల్ కంటే నీళ్లు బరువు, అందుకే అడుగున చేరతాయి. కింది స్క్రూ వదులు చేసి ఆ నీళ్లు పోయేదాకా వదలండి.
• రబ్బరు పైపుల చీలికలు, బాంజో బోల్టుల కింది రాగి వాషర్లు చూడండి. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కనిపించదు.
• పని మొదలుపెట్టే ముందు ఇంజను చల్లారనివ్వండి. కారిన డీజిల్‌ను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను దూరంగా పడేయండి.

చేయకూడనివి:

• పైపుకు నోరు పెట్టి డీజిల్ పీల్చవద్దు. కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా న్యుమోనియా లాంటి ప్రాణాంతక జబ్బు వస్తుంది. పొరపాటున మింగినవారికి ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకూడదు. వాంతిలోనే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
• అగ్గిపుల్ల, లైటరు వెలుగులో ట్యాంకులోకి చూడవద్దు. దగ్గర్లో ఎవరినీ బీడీ కాల్చనివ్వవద్దు. పెట్రోలులా డీజిల్ భగ్గుమనదనే ధీమా ఉంది. కానీ పని మీద ఉన్న ఇంజనులో సైలెన్సర్ మొదలు 400 డిగ్రీలు దాటుతుంది. దాని మీద పడిన డీజిల్ నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. పక్కన ఎండుగడ్డి ఉంటే ఇక చెప్పనవసరం లేదు.
• మంట లేస్తే నీళ్లు పోయవద్దు. డీజిల్ నీళ్ల మీద తేలి మంటను మోసుకుపోతుంది. ఇసుక గానీ పొడిమన్ను గానీ చల్లండి. పౌడరు సిలిండరు ఉంటే అది వాడండి.
• ట్యాంకు మూత బిగించి ఉంచి పైపు నుంచి కంప్రెసరు గాలి ఎక్కించవద్దు. ట్యాంకు పగులుతుంది.
• ఫిల్టరు తీసేసి ‘ఈ ఒక్క రోజు’ అని నడపవద్దు. పంపులోని ప్లంజరుకు, దాని గదికి మధ్య ఉండే సందు వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. ఒక్క రోజు దుమ్ము చాలు, పంపు పాడవడానికి.

5. గాలి తీయడం – అందరూ చేసేదే, అందరూ తొందరపడేదే

ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా, పైపు విప్పినా డీజిల్ దారిలో గాలి చేరుతుంది. గాలి నొక్కుడుపడుతుంది, డీజిల్ నొక్కుడుపడదు. అందువల్ల పంపు ఎంత తోసినా మధ్యలో ఉన్న గాలి బుడగ కుంచించుకుంటుందే తప్ప నాజిల్ తెరుచుకోదు.

చేయవలసినవి:

• గాలిని వరస తప్పకుండా తీయండి. ముందు మొదటి ఫిల్టరు, తరువాత రెండో ఫిల్టరు, చివర పంపు. ఒక్కోచోట గాలి తీసే స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి మీటను కొడుతూ ఉండండి. నురుగు పోయి బుడగలు లేని డీజిల్ వచ్చాక, మీట కొడుతుండగానే స్క్రూ బిగించండి.
• పాతతరం ఇంజనుల్లో చివరి గాలి తీయడానికి నాజిళ్ల దగ్గరి పైపు నట్లు వదులు చేయాల్సి వస్తే ఒక చుట్టు చాలు. నట్టు మీద మందపాటి గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, గేరు న్యూట్రల్‌లో ఉందని మరోసారి చూసి, పెద్దవాళ్లు ఒకరు సీటులో కూర్చున్నాకే సెల్ఫ్ తిప్పించండి.
• గాలి తీసిన గంటలోనే మళ్లీ గాలి పడితే, ఎక్కడో చీలిక ఉంది. రోజూ గాలి తీస్తూ నడపడం వైద్యం కాదు. చీలిక వెతకండి.

చేయకూడనివి:

• నాజిల్ తుంపర ముందు అరచేయి పెట్టి ‘బలంగా కొడుతోందా’ అని చూడవద్దు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్లు. మామూలు ట్రాక్టరు నాజిల్ తెరుచుకునేది 200 బార్ల దగ్గర, అంటే పాతిక రెట్లు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని మాంసంలోకి వెళుతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది. మొదట పెద్ద నొప్పి కూడా ఉండదు. గంటలు గడిచేకొద్దీ వేలు వాచి, నల్లబడి, చివరికి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. గుర్తు ఎంత చిన్నదైనా పిండడం, కాపడం పెట్టడం, పసుపు రాయడం మాని వెంటనే ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ‘అధిక ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది’ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.
• కామన్ రైల్ ఇంజను ఉన్న కొత్త ట్రాక్టరులో పైపు నట్లు ముట్టుకోనే వద్దు. 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్–4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. అప్పటినుంచి ఆ స్థాయి బండ్లలో కామన్ రైల్ ఎక్కువైంది. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత బండి మీద పాతికేళ్లు చేసిన పని కొత్త బండి మీద చేయి పోగొడుతుంది. అక్కడ మన హద్దు ఫిల్టరు దాకానే.

6. గాలి దారి – ఎయిర్ క్లీనర్

రోటావేటరు దుమ్ములో, వరి నూర్పిడి పొట్టులో పనిచేసే ఇంజను ముక్కు తొందరగా మూసుకుపోతుంది. నల్లపొగ వచ్చి పుల్లింగ్ తగ్గితే నాజిళ్ల కంటే ముందు ఇక్కడ చూడండి.

చేయవలసినవి:

• ఇంజను ఆపాకే క్లీనర్ విప్పండి. ఆయిల్ గిన్నె ఉన్న రకమైతే, అడుగున చేరిన బురద తీసి, జాలీ కడిగి, గీత వరకే కొత్త ఇంజనాయిలు పోయండి.
• కాగితపు ఫిల్టరు రకమైతే లోపలి నుంచి బయటికి, 30 పాయింట్లు మించని గాలితో ఊదండి. చిరిగితే మార్చేయండి.
• క్లీనరుకు ఇంజనుకు మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని, క్లిప్పులను బిగించండి. అక్కడ చీలిక ఉంటే దుమ్ము నేరుగా సిలిండరులోకి పోయి బోరు అరిగిపోతుంది.

చేయకూడనివి:

• గిన్నెలో గీత దాటి ఆయిల్ పోయవద్దు. ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చి కాలుస్తూ అదుపు తప్పి పరుగెత్తవచ్చు. అప్పుడు స్టాపర్ లాగినా ఆగదు. గాలి లోపలికి పోయే దారిని చెక్క పలకతో మూయడమే మార్గం. చేత్తో మాత్రం మూయవద్దు, పీల్చుకుంటుంది. మీ వల్ల కాకపోతే దూరంగా పరుగెత్తండి.
• కాగితపు ఫిల్టరును చక్రానికేసి కొట్టవద్దు. లోపలి చిన్న ఫిల్టరును కడగవద్దు, ఊదవద్దు. అది మార్చవలసినదే.

7. వేడెక్కి ఆగితే

చేయవలసినవి: వేడి ముల్లు ఎర్రగీతకు దగ్గరైతే లోడు తీసేసి, కొద్ది నిమిషాలు తక్కువ వేగంలో నడిపి ఆపండి. రేడియేటరు జాలీలో చేరిన పొట్టును ఫ్యాను వైపు నుంచి ముందుకు ఊదండి. ఫ్యాను బెల్టు బిగుతు చూడండి. అరగంట ఆగి, పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగినప్పుడు మందపాటి గుడ్డ వేసి, మూతను మొదటి గాడి దాకా తిప్పి, ఆవిరంతా పోయాకే తీయండి.

చేయకూడనివి: వేడి మీద రేడియేటరు మూత తిప్పవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజను మీద కాలువ నీళ్లు గుమ్మరించవద్దు, హెడ్డు పగులుతుంది. తిరుగుతున్న ఫ్యాను దగ్గర బెల్టు ముట్టుకోవద్దు.

8. మళ్లీ స్టార్టు చేసేటప్పుడు

ప్రాణాలు పోయే మరో ఘట్టం ఇది. మరమ్మతు ముగిసిందన్న ఉత్సాహం జాగ్రత్తను మరిపిస్తుంది.

చేయవలసినవి:

• పానాలు, గుడ్డలు తీశారా, నట్లన్నీ బిగించారా, పీటీఓ షాఫ్టు తొడుగు తిరిగి పెట్టారా చూడండి. చుట్టూ ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లలను, పక్కకు పంపి గట్టిగా కేకేసి చెప్పండి.
• సీటులో కూర్చుని, క్లచ్ తొక్కి, న్యూట్రల్ చూసుకుని తాళం తిప్పండి. ఒక్కసారికి పది సెకన్లు మించవద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి.
• అందుకున్నాక ఐదు నిమిషాలు లోడు లేకుండా నడిపి, జాయింట్ల దగ్గర తడి వచ్చిందేమో చూడండి. చూసేది కంటితోనే. సన్నని ధార అనుమానం ఉంటే అట్టముక్క పెట్టి చూడండి, వేలు పెట్టవద్దు.

చేయకూడనివి:

• నేల మీద నిలబడి స్టార్టరు మోటారు బోల్టుల మధ్య స్క్రూ డ్రైవరు ఆనించి స్టార్టు చేయవద్దు. గేరు ఉందో లేదో చూసే స్విచ్చును ఆ స్క్రూ డ్రైవరు దాటేస్తుంది. మనిషి నిలబడేది సరిగ్గా పెద్ద చక్రం ముందు. ట్రాక్టరు కదిలితే తప్పుకునే చోటు ఉండదు.
• గాలి క్లీనరులో పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం వద్దు. గ్లో ప్లగ్గో, గాలిని వేడిచేసే హీటరో ఉన్న ఇంజనులో అది పేలుతుంది.
• గొలుసు కట్టి లాగించి స్టార్టు చేయవద్దు. డీజిల్ అందని ఇంజను లాగినంత మాత్రాన నడవదు. తెగిన గొలుసు మాత్రం కొరడాలా వచ్చి తగులుతుంది.
• బ్యాటరీ మీద పానా పెట్టవద్దు, నిప్పురవ్వ పుట్టించవద్దు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ పేలి, యాసిడ్ కళ్లలో పడుతుంది. వైరు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.
• తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షించవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. తల తిరిగిందని తెలిసేసరికే కాళ్లు చచ్చుపడతాయి.

9. మెకానిక్‌కు వదిలేయవలసినవి

డీజిల్ ధారగా వస్తోంది, గాలి తీశారు, ఎయిర్ క్లీనర్ శుభ్రంగా ఉంది, అయినా బలం రాలేదంటే ఇక లోపం పంపులోనో, నాజిళ్లలోనో, వాల్వుల్లోనో, రింగుల్లోనో ఉంది. వీటిని పొలం గట్టున విప్పకూడదు. పంపు సీలు తెంచి డీజిల్ పెంచుకుంటే బలం వచ్చినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు పిస్టన్లు కాలతాయి. ఇంజనాయిలు మట్టం దానంతట అదే పెరిగి డీజిల్ వాసన వేస్తుంటే వెంటనే నడపడం ఆపండి. డీజిల్ అందులో కలుస్తోందని అర్థం. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. మెకానిక్‌కు ఫోను చేసేటప్పుడు ‘ఆగిపోయింది’ అని ఊరుకోకుండా, ఎంతసేపు నడిచి ఆగింది, పొగ ఏ రంగు, మెల్లగా ఆగిందా ఒక్కసారిగా ఆగిందా చెప్పండి. సగం పని అక్కడే అవుతుంది.

10. ఆగకుండా ఉండాలంటే

• సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపండి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ నీరై డీజిల్‌లో కలుస్తుంది.
• క్యాను నుంచి పోసేటప్పుడు జాలీ గరాటు వాడండి. డ్రమ్ములో డీజిల్‌ను తేరనిచ్చి, అడుగు కదపకుండా పైది తీసుకోండి. కిరోసిన్ కలిపిన చవక డీజిల్ కొనవద్దు. పంపుకు నూనె పూత పోయి అరిగిపోతుంది.
• ఫిల్టర్లను కంపెనీ పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చండి. సార్వా, దాళ్వా దమ్ములకు ముందు, తెలంగాణలో వానాకాలం, యాసంగి పనులకు ముందు ఒకసారి అన్నీ చూపించండి.
• రెండు పానాలు, ఒక ఫిల్టరు, రాగి వాషర్లు, టార్చి, మెరిసే త్రికోణం బండిలో ఉంచండి. 108 నంబరు డ్రైవరుకే కాదు, ఇంట్లో అందరికీ తెలియాలి.
• వీలున్నవారు శిక్షణ తీసుకోండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, చూసుకోవడం అక్కడ నేర్పుతారు.

రైతన్నలారా, డ్రైవరు సోదరులారా! నాట్లు ఒక పూట ఆలస్యమైతే పంట పోదు. మాట పడితే పడదాం, కూలీ ఒకరోజు ఎక్కువిద్దాం. తెగిన వేలు మాత్రం ఏ ఫిల్టరు మార్చినా తిరిగి రాదు. ఇంజను ఆగిన ప్రతిసారీ సీటు దిగకముందు నాలుగు పనులు చేయండి: గేరు న్యూట్రల్, పీటీఓ విడుపు, పనిముట్టు నేల మీదికి, తాళంచెవి జేబులోకి. ఆ తరువాతే పానా పట్టండి.